కవరుగారి కారు

ప్రతి వీధిలోనూ ఒక కవరుగారు ఉంటారు. ఆయనకి ఇంటిపేరు ఉంటుంది, ముప్ఫై ఏళ్లు ఆఫీసులో పిలిపించుకున్న హోదా ఉంటుంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి కారు కొని, దాని మీద బూడిదరంగు కవరు కప్పిన నాటి నుంచీ అవన్నీ చెల్లిపోతాయి. పాలవాడికీ, ఇస్త్రీబండి అతనికీ, వీధిలో క్రికెట్టాడే పిల్లలకీ ఆయన కవరుగారే. కారు రంగేమిటో వీధిలో సగంమందికి తెలీదు.

నాకు తెలిసిన కవరుగారిది రాజమండ్రి, దానవాయిపేట. మీకు తెలిసినాయన భీమవరంలోనో, హనుమకొండలోనో, కూకట్‌పల్లి అపార్టుమెంటు సెల్లారులోనో ఉండొచ్చు. లక్షణాలు మారవు. సీట్ల మీద షోరూం వాళ్ల పాలిథిన్ అలాగే ఉంటుంది. ఎండాకాలం కూర్చుంటే చొక్కా దానికి అతుక్కుపోయి, దిగేటప్పుడు చర్రుమంటుంది. వెనక అద్దం మీద సత్యదేవుడి స్టిక్కరు. కొన్న వారంలో పూజ చేయించడానికి అన్నవరం తీసుకెళ్లారు, సుమారు 70 కిలోమీటర్లు. ఆ బండి చూసిన పరదేశం అదొక్కటే.

ఆ తరవాత దాని లోకం దేవీచౌక్, గోదావరి గట్టు, నెలకోసారి బ్యాంకు. ఏదీ ఇంటి నుంచి గట్టిగా రెండు కిలోమీటర్లు ఉండదు. అదైనా అన్నీ కుదిరితేనే. వానొస్తే తీయరు, బురద. ఎండ కాస్తే తీయరు, టైర్లు. పెళ్లికి తీయరు, కల్యాణమండపం దగ్గర ఎవడో ఒకడు గీత పెడతాడు. మంగళవారం తీయరు. ఆషాఢంలో అసలే తీయరు, ఎందుకని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు, అమ్మగారు అడగడం మానేశారు. ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో ఆవిడ స్కూటీ మీద వెళ్లి కూరలు తెచ్చుకుంటారు. "మా ఆయన కారు కొన్నప్పట్నించీ నా పెట్రోలు ఖర్చు పెరిగిందండీ" అంటారావిడ, ఎవరినీ తప్పు పట్టకుండా.

కారు తీసే రోజు చూడాలి. ముందు కవరు మీద దులుపుడు కర్రతో దుమ్ము దులపాలి. అప్పుడు వెనక ఎలాస్టిక్కు వదులు చేసి, డిక్కీ వైపు నుంచి ముందుకి చుట్టుకుంటూ రావాలి. ముందు నుంచి వెనక్కి లాగితే అద్దాల మీద ఇసుక రాసుకుంటుందట. అమ్మగారు రెండో కొస పట్టుకోవాలి. గోధుమపిండి కలుపుతూ వచ్చినా సరే, చెయ్యి కడుక్కుని వచ్చి పట్టుకోవాలి. నాలుగు మడతలు పెట్టి, దాని సంచిలో దాన్ని కూరి, సంచిని అరుగు మీద పెట్టాక పసుపురంగు గుడ్డ వస్తుంది. ఈ వైభవం అంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. దేవీచౌక్ వెళ్లి రావడానికి పదిహేను.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఇంజనుకి గండం అసలు మొదలయ్యేది ప్రయాణం లేని రోజుల్లో.

రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే కవరుగారు పేపరు తీసుకుని వచ్చి, కవరు ముందు సగం మాత్రం పైకెత్తి, సీట్లో కూర్చుని సెల్ఫ్ కొడతారు. స్టార్టు చేయడానికి వారం, వర్జ్యం చూడరు. ఏసీ వేస్తారు, సుప్రభాతం పెడతారు, స్లోలో ఉంచి అయిదు నిమిషాలు పేపరు చదువుతారు. "ఇంజను పట్టేయకుండా ఉండాలంటే అప్పుడప్పుడూ కాస్త ఆడించాలండీ" అంటారు. అయిదు నిమిషాలయ్యాక కట్టేసి, కవరు దించి, ఆరోగ్యసూత్రం పాటించినవాడి మొహంతో లోపలికెళ్లి కాఫీ తాగుతారు. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలకి పొగవాసన కొసరు.

ఆయన్ని అనడానికి లేదు. ఈ తరం పెద్దమనుషులు బండి నేర్చుకున్న కాలం అలాంటిది. బజాజ్ చేతక్‌ని పొద్దున్నే ఓ పక్కకి వంచి, పెట్రోలు దిగనిచ్చి, అప్పుడు కిక్కు కొట్టేవారు. ఆఫీసు అంబాసిడర్‌కి చోక్ లాగి, ఇంజను దగ్గు తగ్గేదాకా డ్రైవరు బయట నిలబడి బీడీ కాల్చుకునేవాడు. కార్బురేటరు బండికి ఆ ఉపచారం కావాలి. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది, ఉపచారం మాత్రం ఆగలేదు. ఇప్పటి బండిలో ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు చూసుకుంటుంది. స్టార్టు చేసి, అర నిమిషం ఆగి, తొందరపెట్టకుండా రోడ్డెక్కడమే దానికి కావలసింది. నిలబెట్టి ఆడించడం కాదు.

ఎందుకంటే, చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని కంప్యూటరు మామూలుకంటే ఎక్కువ చిమ్ముతుంది. అందులో కాలని కాస్త సిలిండరు గోడ మీది ఆయిలు పొరని కడిగేసి, రింగుల సందుల్లోంచి కిందకి, ఆయిలు ఛాంబరులోకి దిగుతుంది. ఇది సగం కథ. రెండో సగం నీళ్లు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. నమ్మరు గానీ అది రసాయనశాస్త్రం. చాలా మటుకు ఆవిరై సైలెన్సరు లోంచి పోతుంది. కొంత రింగులు దాటి ఛాంబరులోనే చేరుతుంది. ఇంజను బాగా వేడెక్కితే ఈ పెట్రోలూ, ఆ నీళ్లూ మళ్లీ ఆవిరై బయటికి పోతాయి. వేడెక్కకముందే కట్టేస్తే అక్కడే ఉండిపోతాయి, మళ్లీ ఆడించినప్పుడు ఇంకొంచెం వచ్చి చేరుతుంది.

"మన రాజమండ్రి ఎండలకి ఇంజను వేడెక్కకపోవడమేమిటండీ!" అని కవరుగారు నవ్వుతారు. నిజమే, మంచుదేశాల్లో ఉన్నంత బాధ ఇక్కడ లేదు. కానీ 42 డిగ్రీలు మనకి వడదెబ్బ గానీ ఇంజనుకి చలికాలమే. దాని ఆయిలుకి కావలసింది 90 డిగ్రీల దరిదాపు. డాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకి వచ్చేసిందంటారా, అది చూపించేది ఆయిలు వేడి కాదు, ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు వేడి. ఆయిలు ఎప్పుడూ దానికంటే వెనకబడే వేడెక్కుతుంది. రోడ్డు మీద పావుగంటో ఇరవై నిమిషాలో నడిస్తే తప్ప దానికి పదును రాదు. దేవీచౌక్‌కి పట్టేది ఆరు నిమిషాలు. అందులో సిగ్నలు దగ్గర రెండు.

ఈ వైద్యం ఫలితం ఒకరోజు బయటపడింది. కవరుగారికి బానెట్టెత్తి ఆయిలు చూసే అలవాటుంది. పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూస్తారు. ఆ రోజు వీధి వీధంతా వినబడేలా పిలిచారు. "చూశారా! ఏడాదిన్నరయింది ఆయిలు మార్చి. చుక్క తగ్గలేదు, పైపెచ్చు గీత దాటి పెరిగింది!" ఆయన గొంతులో, పొరుగింట్లో నెయ్యి అయిపోతుంటే మనింట్లో పేరుకుంటున్నంత గర్వం.

ఆ సమయానికి పక్కింటి బండి బ్రేకులు చూడ్డానికి వచ్చిన మెకానిక్కు కుర్రాడు పుల్ల అందుకుని వాసన చూశాడు. వేళ్ల మధ్య రాశాడు. నీళ్లలా జారింది. అప్పుడు ఇంజను మీద ఆయిలు పోసే మూత తిప్పి, వెల్లకిలా పెట్టి ఆయన కళ్ల ముందుంచాడు. లోపలివైపు పాలెక్కువైన కాఫీ రంగులో జిగటగా ఏదో అంటుకుని ఉంది.

"ఇదేంటి బాబూ?"

"నీళ్లండి. ఆయిల్లో కలిసిపోయాయండి."

"కారుని నీళ్లలో దింపలేదే! వానలో కూడా తీయను."

"ఆయ్, తీయకపోబట్టేనండి."

కవరుగారు చాలాసేపు మాట్లాడలేదు. కుర్రాడే కూలెంటు డబ్బా చూసి, అందులో మట్టం తగ్గలేదు గనక గ్యాస్కెట్టు పోలేదనీ, భయపడక్కర్లేదనీ చెప్పాడు. మంచి పని చేశాడు. మూత కింద తెల్లగా కనబడగానే "హెడ్డు దింపాలండి" అనేవాళ్లు ఊళ్లో లేకపోలేదు. "ఆయిలు మార్పించేసి, హైవే ఎక్కించండి సార్. పెరిగింది ఆయిలు కాదండి, పెట్రోలండి. పల్చబడిపోతే బేరింగులకి పట్టదండి."

ఆయిలు ఏడాదిన్నర ఎందుకు మార్చలేదంటే దానికీ కవరుగారి దగ్గర లెక్కుంది. సర్వీసు పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఈ జాతి పెద్దమనుషులందరూ "10,000 కిలోమీటర్లు" దాకా చదివి పుస్తకం మూసేస్తారు. 10,000 తిరగాలంటే ఆయన వేగానికి ఇంకో పదేళ్లు పడుతుంది. అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంటుంది. బండిని కఠినంగా వాడేవాళ్లు ఆయిలు ఇంకా ముందే మార్చాలని, ఆ కఠినం ఎలాంటిదో కూడా చాలా కంపెనీలు రాస్తాయి: దుమ్ము రోడ్లు, బరువులు లాగడం, మాటిమాటికీ అతి తక్కువ దూరాలు తిరగడం. కంకర క్వారీలో తిరిగే జీపూ, కవరు కింద దాచుకున్న కారూ ఒకే జాబితాలో ఉన్నాయని చెబితే కవరుగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా? బండి కట్టేసినా గడియారం, అలారం, కంప్యూటరు నిద్రపోవు. రోజంతా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. సెల్ఫ్ కొట్టిన క్షణంలో వంద ఆంపియర్లకి పైగా పోతుంది. ఏసీ, సుప్రభాతంతో అయిదు నిమిషాలు స్లోలో ఆడిస్తే ఆ బాకీ తీరదు. మూడో ఏట ఒక శ్రావణ శుక్రవారం పట్టుచీరెలో అమ్మగారు కూర్చున్నాక టక్ టక్ టక్ అని ఆగిపోయింది. వీధి కుర్రాళ్లు తోస్తామని వచ్చారు. ఆటోమేటిక్ గేరుబండి తోస్తే స్టార్టవదని అప్పుడు తెలిసింది. ఆవిడ దిగి స్కూటీ తీశారు.

డీజిలు కొన్న కవరుగార్ల పరిస్థితి ఇంతకంటే నయం కాదు. మన కవరుగారి బావమరిది విశాఖలో ఉంటారు, డీజిలు చవకని డీజిలు బండి కొన్నారు, రైతుబజారుకి మాత్రమే వెళతారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 డీజిలు కార్లలో పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరుంటుంది. పట్టిన మసిని అది తనంతట తనే కాల్చుకోవాలి, అందుకు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు వేగంగా నడవాలి. రైతుబజారు దారిలో ఎలా వస్తుంది? పసుపు దీపం వెలిగింది. మెకానిక్కు "హైవే మీద అరగంట తిప్పి రండి సార్, అదే ఆరిపోద్ది" అంటే, పని తెలీక తప్పించుకుంటున్నాడని ఈయన వేరే షెడ్డుకి వెళ్లారు. ఆ కుర్రాడు డబ్బు తీసుకోకుండా చెప్పిన వైద్యం కాదని, ఫిల్టరు కడిగించడానికి బిల్లు కట్టి తృప్తిగా ఇంటికొచ్చారు. మనవాళ్లకి బిల్లు లేని సలహా రుచించదు.

ఎలుకల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. కదలని బానెట్టు కింద వాటికి దొరికేంత వెచ్చటి, చీకటి, అద్దె లేని ఇల్లు ఊళ్లో మరోటి లేదు. కలరా ఉండలు, పొగాకు కాడలు అన్నీ పెట్టారు కవరుగారు. కలరా ఉండ పక్కనే వైరు కొరికిన గుర్తు కనబడింది.

ఇన్ని జరిగినా ఆయన మనసులో ఒక్క ధీమా ఉండేది: అమ్మితే ధర వస్తుంది. "ఆరేళ్లలో 5,000 కిలోమీటర్లు. షోరూం కండిషను!" పాత కార్ల బ్రోకరు వచ్చాడు. మీటరు చూసి సంతోషించాడు గానీ అక్కడితో ఆగలేదు. మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ ఏడాది. గాళ్లు కొత్తవిలా ఉన్నాయి, పక్కలు మాత్రం ఎండిన చెరువులా బీటలు వారాయి. బ్రేకు డిస్కుల మీద తుప్పు చారలు. సైలెన్సరు మీద తడితే లోపల నుంచి పెచ్చులు రాలిన చప్పుడు. చల్లటి సైలెన్సరులో పేరుకున్న నీళ్లు ఎండేంత దూరం ఆ బండి ఎన్నడూ వెళ్లలేదు మరి. "తక్కువ తిరిగింది సార్, అందుకే..." అని నసిగి, రోజూ కాకినాడ వెళ్లొచ్చే ఓ ఉద్యోగస్తుడి బండికి ఇచ్చే ధరే చెప్పాడు. ఆ బండి మీటరులో 80,000 ఉంది.

నన్నడిగితే, ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపలే జీవితం గడిచిపోయేవాళ్లకి కారు అక్కర్లేదు, ఆటో చాలు. కాలు ఆడితే నడక ఇంకా మంచిది. కానీ కవరుగార్లు కారు కొనేది తిరగడానికి కాదు, ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడి వెళ్లినవాళ్లు ఇంటి ముందు తమదంటూ ఒకటి ఉండాలని కొంటారు. ఆ ముచ్చటని కాదనడానికి మనమెవరం? ఉండనివ్వండి, కవరు కూడా ఉండనివ్వండి. అయిదు నిమిషాల సుప్రభాతం ఒక్కటి మాన్పించండి.

మీ వీధి కవరుగారిని వారానికి కాకపోతే పదిహేను రోజులకైనా ఓ ఆదివారం పొద్దున్నే బయల్దేరదీయండి. మొక్కలు కొనాలని చెప్పండి, లిఫ్టు అడగండి, అబద్ధమైనా ఫరవాలేదు. మా వైపైతే వేమగిరి మీదుగా కడియపులంక నర్సరీలు దాటి జొన్నాడ దాకా, వచ్చేటప్పుడు కూడా ఆగకుండా. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, పాలిథిన్ తీసేయమనండి. మీటరు ఎంత చూపించినా సరే, ఏడాది తిరిగేసరికి ఆయిలు మార్పించమనండి.