ఏనుగు ఇంకా నీళ్ళలోనే ఉంది

మా తెలుగు మేష్టారు హాజరుపట్టీ అక్షరక్రమంలో పిలవగా మేమెన్నడూ వినలేదు. గణాలవారీగా పిలిచేవారు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన వారంలోపే ఎవరి పేరుకి వాళ్ళచేత గురులఘువులు వేయించి, వచ్చిన గణాన్నిబట్టి బెంచీలు పంచేశారు. రమణ, లలిత న గణం. మూడూ లఘువులే కాబట్టి గాలికి ఎగిరిపోతారని కిటికీకి దూరంగా. భాస్కర, మాధవి భ గణం. సుజాత, సరోజ జ గణం. సుబ్బారావు దగ్గరే చిక్కొచ్చింది. మూడు గురువులతో మ గణం నిండిపోయాక చివర "వు" మిగిలిపోయింది. ఆ ఒక్క లఘువు పాపానికి వాడు ఏడాదంతా బెంచీ చివర సగం గాల్లో కూర్చున్నాడు.

"ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారేమిటండీ?" అని హెడ్మాస్టరుగారు కంగారుపడితే, "గణాలు కలిశాయి కదండీ" అన్నారు మేష్టారు. ఆ జవాబుతో హెడ్మాస్టరుగారి కంగారు రెట్టింపై, మర్నాటికల్లా ఆడపిల్లల వరస వేరైపోయింది.

తిట్టడంలోనూ ఆయనది శాస్త్రబద్ధమైన పద్ధతి. గాడిదా, వెధవా అనే మాటలు ఆయన నోట రాలేదు. ఆలస్యంగా జంటగా వచ్చినవాళ్ళు ద్విగు సమాసం. నేను బహువ్రీహిని. ఆ బిరుదు ఇచ్చిన రోజు పొంగిపోయి ఇంట్లో చెప్పుకున్నాను కూడా. తరవాత పాఠంలో తెలిసింది, బహువ్రీహి అంటే అన్యపదార్థ ప్రధానమని, ఉన్న పదాల్లో కాక బయట ఇంకెక్కడో దాని అర్థం ఉంటుందని. ఒళ్ళు క్లాసులో, మనసు గేటు బయట పుల్లైసు బండి దగ్గర ఉండే కుర్రాణ్ణి అంతకంటే క్లుప్తంగా ఇప్పటిదాకా ఎవరూ వర్ణించలేదు.

పాఠ్యపుస్తకాలు ఎప్పుడో వదిలేసిన అరసున్నని ఆయన మాత్రం వదల్లేదు. బోర్డు మీద "వాఁడు", "మూఁడు" అనే రాసేవారు. పాలవాడి లెక్కల పుస్తకంలో కూడా మూఁడు లీటర్లే. అది గుండుసున్నా అనుకుని పాలవాడు ముప్ఫైకి డబ్బులడిగాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఈ కథ మా క్లాసులో పుట్టిందేనని నా అనుమానం. "దాన్ని ఎవరూ పలకరు కదా మేష్టారూ, మరెందుకండీ?" అని ఎవడో అడిగితే, "మీ తాత ఇంట్లో మాట్లాడ్డం మానేశాడని రేషను కార్డులోంచి పేరు కొట్టించేశార్రా?" అన్నారు.

సిలబస్ సంగతికొద్దాం. పోతన భాగవతం, అష్టమస్కంధం, గజేంద్రమోక్షం. మొసలి ఏనుగు కాలు జులైలో పట్టుకుంది. అర్ధసంవత్సర పరీక్షలు వచ్చేసినా విష్ణుమూర్తి వైకుంఠం నుంచి బయల్దేరలేదు. మేష్టారు బయల్దేరనిస్తేగా! మత్తేభం వచ్చిన ప్రతిచోటా ఆగి, స భ ర న మ య వ అని డస్టరుతో బల్ల మీద దరువేసి, పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి అని మళ్ళీ లెక్కపెట్టించి, ఆ దరువుకి మదపుటేనుగు నడక కళ్ళకి కట్టేదాకా ముందుకు కదిలేవారు కాదు. ఇన్స్పెక్షనుకి వచ్చిన అధికారి "పాఠం ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగితే, "ఏనుగు ఇంకా నీళ్ళలోనే ఉందండి" అని వినయంగా మనవి చేసుకున్నారు. ఏప్రిల్లో మేము గైడు పుణ్యాన గట్టెక్కాం. ఆ గైడులో చదివింది ఒక్క ముక్క గుర్తులేదు. పల్లెవెలుగు బస్సెక్కినప్పుడల్లా మాత్రం "పల్లె" ఒక సూర్యగణం, "వెలుగు" మరో సూర్యగణం అనిపిస్తుంది. ఇద్దరు సూర్యుల్ని మోస్తున్న బస్సు ఇంజను వేడెక్కక ఏం చేస్తుంది!

ఆయన ప్రతాపం బడి గోడల్లో ఆగలేదు. శ్రీరామనవమి పందిట్లో తిరుపతి వేంకట కవుల పద్యాలతో కృష్ణరాయబారం ఆడుతున్నారు. కృష్ణుడి వేషగాడు రాగం మోజులో సరిగ్గా యతిస్థానంలో అక్షరం మింగేశాడు. ముందు వరసలో ఉన్న మా మేష్టారు దిగ్గున లేచి, "మళ్ళీ చదువు! మళ్ళీ!" అని గద్దించారు. వెనకాల జనం అది మెచ్చుకోలు అనుకున్నారు. "వన్స్‌మోర్" అంటూ ఈలలు, చప్పట్లు. కృష్ణుడు పొంగిపోయి హార్మోనియం వైపు చూసి, రాగం ఇంకో రెండు నిమిషాలు పొడిగించి, అదే అక్షరాన్ని అదే చోట శ్రద్ధగా మింగాడు. మేష్టారు మళ్ళీ లేచారు. జనం మళ్ళీ ఈలలు. మూడోసారికి మేష్టారు గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు, కృష్ణుడి దండలో మాత్రం నోట్లు గుచ్చారు.

ఆయన రిటైరైన రోజున సన్మానపత్రం రాసినవారు మా లెక్కల మేష్టారు. మత్తేభంలో నాలుగు పాదాలు. అక్షరాలన్నీ ఇరవయ్యేసి, గణాలన్నీ సరి. మొదటి పాదం చదివారు. రెండో పాదం సగంలో మా మేష్టారి చెయ్యి పైకి లేచింది.

"ఆగండి. అక్కడ యతి చెల్లలేదు."

"అఖండయతి వేశానండి, చెల్లుతుంది."

"అఖండయతా! ఎవరు ఒప్పుకున్నారండీ దాన్ని?"

ఛందస్సులో తలపండినవాళ్ళే తేల్చుకోలేక కొట్టుకున్న తగువది. లెక్కల మేష్టారు అంత లోతుకి ఎప్పుడు దిగారో మాకు తెలీదు. స్టాఫ్ రూములో గోడకి అవతల కూర్చుని ఇన్నేళ్ళూ ఆ డస్టరు దరువు వింటూనే ఉన్నారు మరి. మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి ఇద్దరూ లాక్షణికుల్ని ఒక్కొక్కరినే సాక్ష్యానికి పిలిచారు. శాలువా కప్పడానికి చేతులు చాచి నిలబడ్డ ముఖ్య అతిథి కాసేపు ఇటూ, కాసేపు అటూ చూసి, చివరికి దగ్గర్లో ఉన్న హెడ్మాస్టరుగారికి కప్పేసి జీపెక్కేశారు.