నాలుగు-ఆరుకు టీకా తాత్పర్యం

మూలం: 46 - ఆర్‌సీటీ, క్యాప్. 48 - తీయాలి.

అవతారిక: మా పేట పంటి డాక్టరుగారు శనివారం సాయంత్రం నా చేతిలో పెట్టిన చీటీ ఇది. గ్రంథం చిన్నది, లిపి గొలుసుకట్టు. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ, "ఉండాల్సినవే ముప్ఫై రెండు. అందులో మీరు రెండు ఎప్పుడో పీకించుకున్నారు. ఈ నలభై ఆరోది ఎవరిదండీ?" అంది. ఆ ఆక్షేపణను పరిహరించడానికే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం: 4 = నాలుగవ పాదమందు, అనగా కింది దవడ కుడి సగమందు; 6 = ముందుపళ్ల నడిమి సందు నుంచి లెక్కిస్తూ వెనక్కి పోగా ఆరవదైన (పన్ను అని అధ్యాహారం); ఆర్‌సీటీ = లోపలి నరం తీసి, వేళ్ల దారులు తోమి పూడ్చుట; క్యాప్ = పిమ్మట దానికి కిరీటధారణ; 48 = ఆ పాదంలోనే కొట్టకొసన ఉన్న జ్ఞానదంతమును; తీయాలి = ఇందులో శ్లేష ఏమీ లేదు.

విశేషం: 46ను నలభై ఆరు అని చదవడం దోషం. ఇది సంఖ్య కాదు, ద్వంద్వసమాసం. నాలుగు, ఆరు అని విరిచి చదవాలి. డాక్టర్లు ఫోర్ సిక్స్ అనే అంటారు. నోరు అనుష్టుప్పు వంటిది: నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిదేసి, వెరసి ముప్ఫై రెండు. మొదటి అంకె పాదం, రెండవది పాదంలో స్థానం. మూడవ స్థానంలో కోరపన్ను. వరస మలుపు తిరిగేది అక్కడే కనుక దాన్ని యతిస్థానం అనుకోవచ్చు. అక్షరం లోపించినా స్థానం లోపించదు. నేను పీకించుకున్న రెండింటి అంకెలు ఖాళీ కుర్చీల్లా అలాగే ఉన్నాయి, పక్కవాటిని జరిపి లెక్కపెట్టరాదు. మా ఆవిడ ఆక్షేపణ ఇక్కడికి సగం తీరింది.

పాలపళ్లకు పాదానికి ఐదే. వాటి పాదాలకు 5 నుంచి 8 వరకు అంకెలిచ్చారు కాబట్టి లెక్క 51తో మొదలై 85తో ముగుస్తుంది. ఈ ఆరవ స్థానానికి ఒక కష్టం ఉంది. ఆరేళ్ల ప్రాయంలో, పాలపన్నేదీ ఊడకుండానే, వాటి వెనక చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్నీ పాలపన్నే అనుకుని, పుచ్చితే పుచ్చిందిలే, ఎలాగూ ఊడేదేగా అంటారు. అది ఊడితే మళ్లీ వచ్చేది కాదు. నా విషయంలో మా నాయనమ్మ అన్నది సరిగ్గా అదే.

శంక: కుడి అంటే ఎవరి కుడి? సమాధానం: రోగి కుడి. గుళ్లో స్వామి కుడిచెయ్యి మనకు ఎడమపక్కన కనబడినట్టే డాక్టరు చార్టులో నా కుడి దవడ ఎడమపక్కన ఉంటుంది. పై కుడి, పై ఎడమ, కింది ఎడమ, కింది కుడి. ఎదురుగా నిలబడిన డాక్టరుకు ఇది ప్రదక్షిణమే.

మతాంతరాలు: 1861లో వియన్నాకు చెందిన అడాల్ఫ్ జిగ్మాండీ కూడిక గుర్తు గీసి, దాని నాలుగు మూలల్లో 1 నుంచి 8 దాకా అంకెలు వేశాడు. ఒహాయోలో కోరిడాన్ పామర్‌దీ ఇదే దారి; బ్రిటన్‌లో ఇప్పటికీ చెల్లుతోంది. చూడ్డానికి చక్కని పద్ధతి. అయితే ఆ మూలగీతను టైపు మిషను కొట్టలేదు, ఫోనులో నోటితో చెప్పలేం. అందుకే గీత పోయి అంకె వచ్చింది. ప్రపంచ దంతవైద్య సమాఖ్య వారి ఈ రెండంకెల పద్ధతికే ఐఎస్‌ఓ 3950 అని ప్రమాణసంఖ్య.

అమెరికా వారిది వేరే సంప్రదాయం. పై కుడి జ్ఞానదంతం 1, అక్కణ్ణించి గుండ్రంగా 32 దాకా ఏకధాటి లెక్క. మనకు జ్ఞానం ఎనిమిదో స్థానంలో, అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. వారికి ఒకటో నంబరే జ్ఞానం. దీనివల్ల అర్థభేదాలు తప్పవు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు "18కి క్యాప్ వేయించుకున్నా మామయ్యా" అంటే, జ్ఞానదంతానికి కిరీటమేమిట్రా, డబ్బు దండగ అని చీవాట్లు పెట్టాను. వాడి 18 కింది ఎడమవైపు ఏడో పన్ను, అంటే మన 37. నా 46 వాళ్ల దగ్గర 30 అవుతుందట. "అయితే ముప్ఫై రెండులోపే ఉందన్నమాట" అని మా ఆవిడ అమెరికా మతంలో చేరిపోయింది.

తాత్పర్యం: సోమవారం కుర్చీ వెనక్కి వాల్చి, డాక్టరుగారు అద్దం పిడితో 45 మీద టక్కుమనిపించారు. ఏమీ లేదు. 47 మీద తట్టారు. ఏమీ లేదు. మధ్యదాని మీద పిడి ఇలా ఆనిందో లేదో, చెవిదాకా జివ్వుమని, నా చెయ్యి ఆయన మణికట్టును పట్టేసుకుంది. "ఫోర్ సిక్స్" అన్నారాయన, పక్కనున్న అమ్మాయితో. ఆమె రాసుకుంది.