గుల్మార్గ్ వాతావరణ సూచన ఆత్మకథ

కశ్మీర్‌లోని గుల్మార్గ్ మంచు వాలుల కోసం చలికాలమంతా రోజూ ఒక వాతావరణ సూచన పుడుతుంది, మర్నాటికి చెల్లిపోతుంది. ఇక్కడ కథ చెప్పుకుంటున్నది అలాంటి ఒక సూచనే. ముందు పుట్టినవాటిదీ, పుట్టబోయేవాటిదీ ఇదే బతుకు కనుక ‘నేను’ అనకుండా ‘సూచన’ అనే చెప్పుకుంటుంది.

దాని మూలం చాలా దూరాన ఉంది. తెలుగు తీరానికి వాయుగుండాలు బంగాళాఖాతం నుంచి వస్తాయి. కశ్మీర్‌కు చలికాలపు మంచును తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు పుట్టే పశ్చిమ అలజడులు. ఆ తేమగాలులు పీర్ పంజాల్ కొండలకు తగిలి పైకి లేచి చల్లబడితే, వాటిలోని తేమ మంచుగా రాలుతుంది. వాటి రాక ఉపగ్రహ చిత్రాల్లో ముందే తెలుస్తుంది. శ్రీనగర్‌లో ఉదయం, సాయంత్రం 5.30 వేళకు ఎగిరే బెలూన్ పై గాలుల వేడిని, తేమను, వేగాన్ని పట్టి ఇస్తుంది. కంప్యూటర్ లెక్కలు, నిపుణుడి అనుభవం కలిశాక సూచన బయటికొస్తుంది.

లోయకు సరిపోయే మాట కొండకు సరిపోదు. గొండోలా (కేబుల్ కారు) బయల్దేరే చోటు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది, అఫర్వత్ కొండ మీద ఆగే చోటు 3,900 మీటర్ల పైన. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కింద వానా మంచూ కలిసి పడే వేళ పైన పొడిమంచు కురుస్తూ ఉండవచ్చు.

అయినా జనం వెతికేది ఒక్క అంకెనే: ఎన్ని సెంటీమీటర్ల మంచు? దాని కిందే గాలి సంగతి చెప్పే వరుస ఉంటుంది. సూచనకు గర్వమంటూ ఉంటే ఆ వరుస మీదే. గాలి ఒక వాలు మీది మంచును ఊడ్చుకెళ్లి అవతలి వాలున పలకగా పేరుస్తుంది. చూడటానికి నున్నగా, రమ్మని పిలుస్తున్నట్టే ఉంటుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలున్న చోట ఒక్క మనిషి బరువుకే ఆ పలక విరిగి జారవచ్చు. అంతకుముందు చాలా రోజులు మంచు పడక, ఆకాశం తేటగా, చలిగా గడిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. అడుగున పలుచగా మిగిలిన పాత మంచు పంచదార పలుకుల్లా విడిపోతుంది, కొత్త మంచుకు పట్టు దొరకదు.

2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ దగ్గరి ఖిలన్‌మర్గ్‌లో మంచుచరియ కింద 17 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2024లో జనవరి దాదాపు మంచు లేకుండానే గడిచింది. ఫిబ్రవరిలో భారీగా కురిసింది. 22న మంచుచరియ విరుచుకుపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. ఈ రెండు తేదీలనూ సూచన మరచిపోదు.

దానికి దక్కే ఆదరణ మాత్రం తక్కువ. చెప్పినంత మంచు పడకపోతే తిట్లు సూచనకు, పడితే మెప్పు మంచుకు. గాలి హోరుకు రెండో దశ గొండోలాను ఆపితే క్యూలో ఉన్నవాళ్లు సూచననే విసుక్కుంటారు. ఆ పూట ఎవరూ కొండమీద చిక్కుకోలేదన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. సాయంత్రానికి గోడ మీద అంటించిన సూచన కాగితం తడిసి ఊడిపోతుంది, ఫోన్లలో కొత్త సూచన పాతదాన్ని కిందికి నెట్టేస్తుంది. ఆ తర్వాత దాన్ని తెరిచేది చెప్పినదానికీ జరిగినదానికీ తేడా కట్టడానికే. పాతదాని తప్పులు తెలిస్తేనే రేపటిది మెరుగవుతుంది కనుక సూచనకు దాని మీద బాధ లేదు. చదవకుండానే పారేయడమే దాని బాధ.

మంచుచరియల ముప్పును ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిల్లో చెబుతారు. మూడు అంటే మధ్యరకమే కదా అని ధైర్యం చేసేవారు ఎందరో. ఆల్ప్స్‌లో ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ మూడో స్థాయి ఉన్న రోజుల్లోనే. గుల్మార్గ్ వెళ్లే తెలుగువారు మంచు అంకె దగ్గర ఆగిపోకుండా గాలి వరుసను, ముప్పు స్థాయిని కూడా చదవాలనీ, గస్తీ సిబ్బంది మూసిన వాలులోకి దిగవద్దనీ సూచన కోరుతోంది.