మావయ్య సందేశం (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

కాళిదాసు మేఘసందేశానికి టీక రాయడానికి కొలచలమ మల్లినాథసూరి దొరికాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేను అలాంటి ఒట్టు పెట్టుకోలేను. నా చేతికి వచ్చిన మూలం వాట్సాప్‌లో పుట్టింది. అక్కడ ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ. అక్కర్లేనిదే అసలు సరుకు. ఒక్క పోలిక మాత్రం ఉంది: కాళిదాసు యక్షుడు కబురు మేఘంతో పంపాడు, మన ఫోన్లు కూడా కబుర్లను దాచుకునేది ‘క్లౌడ్’లోనేనట.

ఈ గ్రంథం వెలసిన క్షేత్రం, మా రాయగడ అమ్మవారి పేరు పెట్టుకున్న ‘మజ్జిగౌరమ్మ పిల్లలు’ అనే మా కుటుంబ గ్రూపు. సభ్యులు 61 మంది. రాయగడలో కొందరం, కోరాపుట్, గునుపూరు, జయపురంలో కొందరు, గట్టు దిగితే పార్వతీపురం, విజయనగరం, విశాఖ, ఇంకా దిగితే హైదరాబాదు, దిగడం ఆపకపోతే న్యూజెర్సీ. అడ్మిన్ని నేను. జీతం లేని కొలువు, తిట్లు మాత్రం నెల తప్పవు.

ఎక్కడి తెలుగువాళ్ళు ఎక్కడ అని పాఠకులకు సందేహం రావచ్చు. మేం ఎక్కడికీ రాలేదు, గీత వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లావే. తర్వాత కోరాపుట్ జిల్లా, అందులోంచి 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా. మా తాత ఒకే ఇంట్లో కూర్చుని రాష్ట్రం మారాడు, మా నాన్న అదే ఇంట్లో కూర్చుని జిల్లా మారాడు. నేను గ్రూపులు మారుతున్నాను.

మూలం

గ్డ్మ్ర్న్గ్. మావయ్యకి కల్లు బాగోలేదు. వైజాగ్ తీస్కెల్తున్నం. ప్లీజ్ ఫార్వర్డ్.

ప్రతిపదార్థం

గ్డ్మ్ర్న్గ్ = శుభోదయము. ఇది మంగళాచరణం. ఆశీస్సు గానీ, నమస్కారం గానీ, వస్తునిర్దేశం గానీ లేకుండా కావ్యం మొదలుపెట్టకూడదని లాక్షణికులు చెప్పారు. మా అన్నయ్య కోడలు ఈ సంప్రదాయాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తుందంటే, సందేశం పంపింది మధ్యాహ్నం రెండు దాటాక. సంస్కృతంలో ‘కార్త్స్న్యం’ అనే మాటలో అయిదు హల్లులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయని చిన్నప్పుడు మాస్టారు చెబితే నోరు తెరిచాం. మా కోడలు జి, డి, ఎమ్, ఆర్, ఎన్, జి అని ఆరింటిని కూర్చోబెట్టింది. మధ్యలో అచ్చు అన్నదే లేదు.

ఈ మంగళాచరణాల మహిమ మామూలుది కాదు. ఇండియాలో ఫోన్లు ఎందుకు నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ వాళ్ళు వెతికితే, పొద్దుటే పంపుకొనే గులాబీలు, సూర్యోదయాలు, పసిపాపల బొమ్మలు కారణమని తేలిందట. 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఈ సంగతి రాసింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మా విజయనగరం పెద్దమ్మ రోజుకో సూర్యుణ్ణి పంపుతుంది. ఆ లెక్కన నా ఫోనులో ఇప్పటికి వెయ్యిమందికి పైగా సూర్యులున్నారు.

మావయ్యకి = మావయ్యకు. ఏ మావయ్యకు? మన భాషలో అమ్మ తమ్ముడూ మావయ్యే, మేనత్త మొగుడూ మావయ్యే, పిల్లనిచ్చిన ఆయనా, మొగుణ్ణి కన్న ఆయనా మావయ్యలే. 61 మంది ఉన్న గ్రూపులో ఎవరి మావయ్య అని చెప్పకుండా ‘మావయ్య’ అనడం, తిరనాళ్ళలో నిలబడి ‘ఒరే అబ్బీ’ అని పిలవడం లాంటిది. అందరూ వెనక్కి తిరుగుతారు.

ఇక్కడ టీకాకర్తకు ఒక స్వంత బాధ ఉంది. మా అన్నయ్య కోడలికి నేను చిన్నమావయ్యని. కాబట్టి ఈ పదం వచ్చిన పది నిమిషాల్లో నాకు ఏడు ఫోన్లు వచ్చాయి. రాయగడలో మా ఇంట్లో అరుగు మీద కూర్చుని పకోడీ తింటున్నవాణ్ణి, ‘ఎలగున్నావు నాయనా, భయపడకు’ అని విజయనగరం పెద్దమ్మ ఏడుస్తూ అడిగితే ఏం చెప్పను? బాగానే ఉన్నానంటే ధైర్యానికి అలా అంటున్నాననుకుంది.

కల్లు = ఇది ఈ గ్రంథానికి గుండెకాయ. ఇక్కడ కాసేపు ఆగాలి.

కోడలు టైపు చేసినది కె, ఏ, రెండు ఎల్లులు, యు. ఈ అయిదు ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి దింపితే మూడు పాఠాలు వస్తాయి. ఒకటి కళ్ళు, రెండు కాళ్ళు, మూడు కల్లు. శ్లేష అంటే రెండర్థాలతో సరిపెట్టుకున్న కవులే ఎక్కువ. మూడర్థాల శ్లేష రైలెక్కుతూ, ఒక చేతిలో టిఫిన్ క్యారేజీతో సాధించింది మా కోడలు. నలుగురు మావయ్యలను మూడు కల్లులతో గుణిస్తే పన్నెండు తాత్పర్యాలు.

గ్రూపు మూడు శాఖలుగా చీలింది. న్యూజెర్సీ మేనల్లుడు కంటిపాఠం వాడు. కనుగుడ్లు తిప్పే వ్యాయామాల వీడియోలు నాలుగు పంపాడు. విశాఖ వాళ్ళూ వాడి పక్షమే. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి దారి చూపే మ్యాపు పెట్టారు. పార్వతీపురం పెద్దవాళ్ళు కాలిపాఠం. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పొయ్యమన్నారు, ఆకు ఎలా ఉంటుందో ఫొటో కూడా పెట్టారు. ఆ ఫొటోలో ఉన్నది వావిలి కాదని ఇంకొకరు, ఆ తగువు వేరే. గునుపూరు బావ ఒక్కడే మూడో పాఠాన్ని పట్టుకున్నాడు. ‘ఈతదా? జీలుగుదా?’ అని అడిగాడు. ఇక్కడి కొండల్లో జీలుగు చెట్టు కల్లు, ఒడియావాళ్ళు సలప అంటారు, కొండవాళ్ళ ఇళ్ళలో పెళ్ళికీ చావుకీ దాని మర్యాద దానికుంది. బావ ప్రశ్న వెటకారం కాదు, అనుభవం.

శంక: మర్యాదస్తుల కుటుంబంలో కోడలు మావగారి కల్లు గురించి అంత బాహాటంగా రాస్తుందా?

సమాధానం: వ్యాకరణం బావ పక్షాన ఉంది. ‘బాగోలేదు’ ఏకవచనం. కళ్ళు రెండు, కాళ్ళు రెండు, కాబట్టి ‘బాగోలేవు’ అనాలి. నీళ్ళు, పాలు లాంటి మాటలు కూడా బహువచనమే కోరతాయి. కల్లు ఒక్కటే ఏకవచనం. కనుక ‘మావయ్యకు కల్లు పడలేదు’ అన్నదే నిర్దుష్టమైన అన్వయం. ఈ మాట నేను గ్రూపులో వివరంగా రాశాను. అది చదివి హైదరాబాదు బావమరిది ‘పెద్దాయన మీద నింద వేస్తారా’ అని కోపగించి గ్రూపు వదిలేశాడు. 2022 ఆగస్టు నుంచి ఎవరైనా బయటికి పోతే అడ్మిన్లకు తప్ప మిగతావాళ్ళకు కబురు రాదు. పాపం అతనికా సంగతి తెలియదు. ఎవరూ బతిమాలకపోయేసరికి రాత్రి తొమ్మిదింటికి నాకే ఫోన్ చేసి మళ్ళీ చేర్చమన్నాడు.

విశేషం: ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. మా కోడలు రాయగడలో పుట్టింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదివింది ఒడియా బడిలో. తెలుగు లిపి రాదు. మా గ్రూపులో సగంమంది అంతే. అయితే ఒడియా లిపిలో ళ ఉంది, ల ఉంది, దీర్ఘం ఉంది. ఈ మాటను ఆ లిపిలో రాసినా కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ మూడు దారుల్లో పోయేవి. తెలుగుకీ ఒడియాకీ యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఫోనులో రెండు కీబోర్డులూ ఉన్నాయి. ఇంట్లో ళ ఉన్న భాషలు రెండు పెట్టుకుని, ళ లేని మూడో లిపిని అరువు తెచ్చుకోవడం మా ప్రత్యేకత. ఈ గడ్డనే ఏలిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియా, తెలుగు రెండింటిలోనూ పండితుడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. ఆ చుట్టుపక్కలే మేం ‘కల్లు’ దగ్గర ఆగిపోయాం. తెలుగు కీబోర్డు పెట్టుకోమని నేను నాలుగుసార్లు గ్రూపులో రాశాను. తెలుగు లిపిలో రాశాను కాబట్టి చదవాల్సినవాళ్ళు చదవలేదు.

బాగోలేదు = పైన చెప్పబడినది.

వైజాగ్ తీస్కెల్తున్నం = విశాఖపట్టణమునకు తోడ్కొని పోవుచున్నాము. ఇక్కడ పాఠకులు నవ్వకూడదు. గీసిన గీత ఎటున్నా మా రోగాలకు పెద్దాసుపత్రి ఇప్పటికీ విశాఖే. భువనేశ్వర్ రాజధాని, విశాఖ దిక్కు.

కోరాపుట్‌లో ఎక్కితే కిరండూల్ పాసింజరు అరకు మీదుగా పోతుంది. ఆ లైనులో సొరంగాలు యాభైకి పైన. సొరంగంలోకి పోయిన మనిషికి మనం పంపిన ప్రశ్న ఒంటి టిక్కుతో గుమ్మంలో నిలబడుతుంది. బయటికొచ్చిన నిమిషంలో రెండో టిక్కు, అది నీలం అయ్యేలోగా ఇంకో సొరంగం. 2014 నవంబరులో నీలి టిక్కులు వచ్చినప్పుడు, చదివి జవాబివ్వని చుట్టాలు దొరికిపోయారని సంబరపడ్డాం. చదవని చుట్టాన్ని ఏం చెయ్యాలో ఆ కంపెనీవాళ్ళు చెప్పలేదు. ఆలోగా గ్రూపులో 140 సందేశాలు పడ్డాయి. రైల్లో ఉన్నవాళ్ళ మాట ఒక్కటీ లేదు. మధ్యలో ఎవరో జయపురం పిల్లాడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబితే, ముప్ఫై మంది కేకులు పెట్టారు. ఒక కేకు కింద ‘త్వరగా కోలుకోవాలి’ అని ఉంది.

‘ఈ సందేశం తొలగించబడింది’ అని మూడు చోట్ల ఉంది. వీటిని లుప్తగ్రంథాలంటారు. 2017లో ఈ సౌకర్యం వచ్చినప్పుడు ఏడు నిమిషాల్లోగా చెరుపుకోవాలి అన్నారు. ఇప్పుడు గడువు బాగా పెంచారు. గునుపూరు బావ చెరిపిన రెండింటిలో ఏముందో తెలుసుకోవాలని అందరికీ ఉంది. రాసి ఉంచితే ఎవరూ చదివేవారు కారు.

ప్లీజ్ ఫార్వర్డ్ = దయచేసి మరొకరికి పంపుడు. కోడలి ఉద్దేశం, గ్రూపులో లేని ఇద్దరు ముసలి చుట్టాలకు చెప్పమని. కానీ వేదాన్ని అపౌరుషేయం అంటాం చూడండి, కర్త లేనిది అని, ఫార్వర్డ్ చేసిన ప్రతి సందేశమూ అంతే. ఒక చేయి మారగానే రాసినవారి పేరు ఊడిపోతుంది, మాట మిగులుతుంది. 2018 జులైలో మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కరికే పంపాలి. మా వాళ్ళు ఓపికమంతులు. ఒక్కొక్కరికే పంపారు.

సిద్ధాంతం

మా తమ్ముడి భార్య ఒడియా అమ్మాయి. తెలుగు సగం అర్థమవుతుంది. అన్ని వ్యాఖ్యానాల మధ్య ఆమె రాసింది ఒక్కటే, ‘కొణొ హెలా?’ అంటే, ఏమైంది? ఆమెకు జవాబు ఇచ్చినవాళ్ళు లేరు. అందుకని కోడలి నంబరుకు రింగు చేస్తూ కూర్చుంది. పదకొండోసారి అరకు స్టేషన్‌లో తగిలింది.

కాళ్ళు. చక్కెర జబ్బు ఉంది, పాదాలు వాచాయి. మావయ్య ఎవరంటే మా అన్నయ్యే, సునాబేడ విమానాల ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. కల్లు ముట్టడు. ఏకవచనం సంగతి కోడల్ని అడిగాను. ‘ఏటి చిన్నమావయ్యా, ఒక్క కాలే కదా ఎక్కువ వాచింది’ అంది. పాణిని ఉన్నా ఏం చేస్తాడు?

ఫలశ్రుతి

అన్నయ్య నాలుగు రోజులకు ఇంటికి వచ్చేశాడు. మంచం మీద ఊరికే కూర్చోలేకపోతున్నాడని కొడుకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు. నేనే గ్రూపులో చేర్చాను. ఆ మరునాడే విశాఖ వాళ్ళ కాలనీ గ్రూపులోంచి ఒక సందేశం తిరిగి వచ్చి మా గ్రూపులో పడింది. పైన జంట బాణాల గుర్తు, అంటే చాలా చేతులు తిరిగింది అని. గ్డ్మ్ర్న్గ్, మావయ్యకి కల్లు బాగోలేదు, వైజాగ్ తీస్కెల్తున్నం. ఎవరో చివర రెండు నమస్కారాలు, ఒక దీపం చేర్చారు.

అన్నయ్య చదివి, కొత్త ఫోనులో వెతుక్కుంటూ వెతుక్కుంటూ తెలుగు లిపిలో మొదటి మాట రాశాడు: ‘పాపం, ఎవరి మావయ్యో, ఎలగున్నాడో?’

దానికి ఇంతవరకు 14 బొటనవేళ్ళు వచ్చాయి. అందులో ఒకటి మా కోడలిది.