తెలుగు టైటాన్స్ యాజమాన్యం వారికి చోడవరం నుంచి ఒక అర్జీ

తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు యాజమాన్యం వారి దివ్యసముఖానికి,

చోడవరం నుంచి మీ జీతంలేని సలహాదారులు నమస్కరించి విన్నవించుకొనునది. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రతి వేలానికీ ముందు మీ క్షేమం గురించే మాకు బెంగ పట్టుకుంటోంది. దాన్ని కడుపులో దాచుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదని ఇలా నలుగురూ చూసేలా రాస్తున్నాం.

ముందు మా అర్హతలు మనవి చేసుకుంటాం. సాయంత్రం ఆరు దాటితే బస్టాండు దగ్గర టీ కొట్టులో మా సెలెక్షన్ కమిటీ కూర్చుంటుంది. ఒక చెరకు రైతు, ఒక రిటైరైన పీఈటీ మాస్టారు, ఒక తాపీ మేస్త్రి, ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒక కుర్రాడు శాశ్వత సభ్యులు. టీకి డబ్బులిచ్చినవాడు ఆ పూటకి ఛైర్మన్. మినిట్స్ రాసేది నేను. మాలో ఎవరికీ కోట్లు ఖర్చుపెట్టిన అనుభవం లేదు గానీ, మీరు ఖర్చుపెడుతుంటే చూసిన అనుభవం పన్నెండు ప్రో కబడ్డీ లీగ్ సీజన్లది. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మార్చారు. జిల్లా మారింది, మేం మాత్రం జట్టు మార్చలేదు. ఆ మూడు సీజన్లలో కూడా మార్చలేదు. ఏ మూడో మీకు తెలుసు.

తెలియనట్టు ఉంటే గుర్తుచేస్తాం. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒకటి గెలిచారు. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. 66 మ్యాచ్‌లకి అయిదు గెలుపులు. మూడుసార్లూ పట్టికలో అట్టడుగునే. ఆ రోజుల్లో మా మేస్త్రి పాయింట్ల పట్టికని కింది నుంచి పైకి చదివేవాడు. అలా చదివితే మనమే ఫస్టు గదా అనేవాడు.

ఇప్పుడు ఇదంతా తవ్వడం దేనికంటే, కొత్త వేలం వస్తోందనగానే మా కమిటీలోనే పాత జబ్బు తిరగబెట్టింది. "ఓ పెద్ద పేరుని తెచ్చి పడేస్తే సాలు, మిగతాది అదే సూసుకుంటాది" అని మేస్త్రి మొదలెట్టాడు. పాత చెరకు కటింగ్ ఆర్డరు వెనకవైపు పెన్సిలుతో ఒక ట్రేడు కూడా రాసుకొచ్చాడు. మన కవర్లిద్దర్నీ, బెంచీ మీదున్న ఒక రైడర్‌నీ గుజరాత్‌కిచ్చేసి ఇరాన్ వీరుడు షాద్లూయీని తెచ్చుకోవాలట. ఇచ్చేదానికీ తెచ్చేదానికీ పొంతన లేదని మేం అంటే, "ఆళ్ళకి కవర్లు అవసరం" అని తీర్పిచ్చాడు.

ఇంజినీరింగ్ కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు: కబడ్డీలో ఇలాంటి అట్టు పెట్టి అట్టున్నర తెచ్చుకునే బేరాలు నడవవు, ఆటగాణ్ణి వదిలేస్తే వాడు వేలానికి వెళ్తాడు, పాట ఎవరు పాడినా ఆ ధర మేమే ఇస్తామని పాత జట్టు ఎఫ్‌బీఎం కార్డు ఎత్తితే వాడు మళ్ళీ వాళ్ళకే. మేస్త్రి అంతా విని, "అయితే కార్డెత్తకుండా గుజరాతోళ్ళతో మాటాడుకుందాం" అన్నాడు. ఆ పూటకి టీ డబ్బులు తనే ఇస్తున్నాడు కనక తీర్మానం నెగ్గింది. దాన్ని మీకు పంపడం లేదు.

అయినా మేస్త్రి వాదనలో బలం లేదనలేం. మహ్మద్ రెజా షాద్లూయీని పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకి కొని పదో సీజన్ కప్పు ఎత్తింది. మరుసటి ఏడు హరియాణా స్టీలర్స్ 2 కోట్ల 7 లక్షలకి కొని వాళ్ళూ ఎత్తారు. పెద్ద పేరుకి పెద్ద ఫలితం అని ఇంకేం రుజువు కావాలి? అయితే పన్నెండో సీజన్‌కి గుజరాత్ 2 కోట్ల 23 లక్షలు పోసింది. నాకౌట్ గడప కూడా తొక్కలేదు. మనిషి అతనే, తాకిడీ అదే. తేడా అంతా అతని చుట్టూ ఉన్న ఆరుగురిలో ఉంది. పుణె వాళ్ళు యువ పల్టన్ అని పిల్లల జట్టు పెట్టుకుని ఏళ్ళ తరబడి కుర్రాళ్ళని పెంచుకున్నారు. షాద్లూయీ వచ్చేసరికి అక్కడ ఇల్లు కట్టి ఉంది, అతను తలుపు తీసుకుని లోపలికి వచ్చాడంతే.

మరి మన సంగతి? పదో సీజన్‌లో మీరు పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి పాడారు. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు. ఆ రాత్రి చోడవరంలో స్వీట్లు కూడా పంచాం, దాచుకోవడం దేనికి. జట్టు మొత్తానికి ఖర్చుపెట్టుకోగలిగింది అయిదు కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషికి పోతే, మిగతా సగంలో పదిహేడు మందిని తగ్గకుండా సర్దాలి. పవన్ కూతకెళ్తే పాయింట్లు వచ్చేవి. ఇవతల కార్నర్లు ఖాళీగా ఉంటే అవతలివాడికీ వచ్చేవి. రెండు గెలుపులన్నాం కదా, అదే ఆ సీజన్.

అంతకుముందు ఏడో సీజన్‌లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటీ 45 లక్షలకి తెచ్చినప్పుడూ ఇదే కథ. రాహుల్ చౌదరిని ఆ ఏడే వదిలేశారు. లీగ్‌లో అందరికంటే ముందు 500 రైడ్ పాయింట్లు దాటినవాడు, తొలి సీజన్ నుంచీ మన జట్టు మొహం. వదిలేసినందుకు ఇక్కడ చాలామంది ఇప్పటికీ మిమ్మల్ని క్షమించలేదు. నేను వేరు. వదలడం తప్పు కాదు, రాహుల్ వేగం అప్పటికే తగ్గుతోంది. ఒక హీరో పోతే ఆ చోట్లో ఇంకో హీరోని కూచోబెట్టి, జట్టుని అలాగే ఉంచడం తప్పు. ఈ మాట కమిటీలో అన్నందుకు నన్ను ఒక వారం టీకి పిలవలేదు.

అసలు కడుపు మండేది మీరు వదిలేసిన కుర్రాళ్ళ గురించి. 2014లో తొలి వేలంలో దీపక్ నివాస్ హుడాని మీరే 12 లక్షల 60 వేలకి తీసుకున్నారు. ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ ధర రాకేశ్ కుమార్‌ది, 12 లక్షల 80 వేలు. అంటే అప్పుడే ఎంత నమ్మారో చూడండి. రెండు సీజన్లయ్యాక అతను పుణెకి వెళ్ళిపోయాడు. తర్వాత జైపూర్ కోటీ 15 లక్షలిచ్చింది, భారత జట్టుకి కెప్టెన్ కూడా అయ్యాడు. సుకేశ్ హెగ్డే మన దగ్గర నాలుగు సీజన్లు రాహుల్ నీడలో ఆడాడు. 2017లో గుజరాత్ అతన్ని కెప్టెన్ చేసింది. కొత్త జట్టు, తొలి ఏడే ఫైనల్‌కి వెళ్ళింది. మనం ఆ ఫైనల్ టీవీలో చూశాం.

ఈ విషయం మీద మా చెరకు రైతు మాట్లాడిన తీరు మీరు వినాలి. ఆయన కబడ్డీ గురించి చెప్తున్నప్పుడూ చెరకే చెప్తాడు. "మొక్క తోటకి ముచ్చెలు కొనాల, దుక్కి దున్నాల, ఖర్చెక్కువ. తోట నరికినాక మోడు ఒగ్గేస్తే కార్శి తోట అదే లెగుస్తాది, ఖర్చు తక్కువ. అలాగని ఏళ్ళకేళ్ళు కార్శే ఉంచితే గెడ సన్నబడిపోద్ది. సగం పొలం కార్శి, సగం పొలం మొక్క, అలా తిప్పుకోవాల. ఈళ్ళేటి బావూ, ఓ ఏడు పొలమంతా పీకేసి, ఓ మడిలో బంగారం పాతి, మిగతాది బీడు ఒగ్గేస్తన్నారు?" మీ బోర్డు మీటింగుకి ఆయన్ని పిలవమని మేం అడగం. పిలిస్తే మాత్రం రానూపోనూ ఛార్జీలు ఇప్పించండి.

మంచి చెప్పకుండా చెడే చెప్తే అర్జీకి అందం ఉండదు. పదకొండో సీజన్ నుంచీ మీరు దారి మార్చారని మేం గమనించాం. దబంగ్ ఢిల్లీకి ఎనిమిదో సీజన్ కప్పు తెచ్చిన కోచ్ క్రిషన్ కుమార్ హుడాని తెచ్చుకున్నారు. ఆ కప్పు జట్టులో ఉన్న విజయ్ మలిక్‌ని తెచ్చారు. పవన్ ఆ ఏడూ ఉన్నాడు, ధర మాత్రం 1 కోటీ 72 లక్షల 50 వేలకి దిగింది, మిగిలిన డబ్బు జట్టు నిండా పరుచుకుంది. సీజన్ మధ్యలో పవన్ గాయపడితే, పాత లెక్క ప్రకారం మన పని అయిపోవాలి. అవలేదు. 22లో 12 గెలిచారు. ఏడో స్థానంలో ఆగి నాకౌట్ కొద్దిలో పోగొట్టుకున్నారు గానీ, మా మేస్త్రి పట్టికని పైనుంచి కిందికి చదవడం మళ్ళీ నేర్చుకున్నాడు.

పన్నెండో సీజన్‌కి పవన్‌ని వదిలేశారు. మాలో సగం మంది తిట్టారు. 2025 ఆగస్టు 29న లీగ్ మన విశాఖలోనే మొదలైంది, తొలి మ్యాచ్‌లోనే పవన్ తమిళ్ తలైవాస్ చొక్కా వేసుకుని మన మీదికి వచ్చాడు. 38-35తో ఓడిపోయాం. చోడవరం నుంచి వెళ్ళినవాళ్ళు అతను కూతకొచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాలో, అరవాలో తెలీక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తిరుగు దారిలో మిమ్మల్ని తిట్టని నోరు లేదు. ఆ తర్వాత విజయ్ మలిక్ కెప్టెన్సీలో, 81 లక్షలకి తెచ్చిన భరత్ హుడా తోడుగా, జట్టు మొదటి నాలుగు స్థానాల్లో నిలిచింది. బెంగళూరు బుల్స్‌ని కొట్టింది, పట్నా పైరేట్స్‌ని 46-39తో ఇంటికి పంపింది. క్వాలిఫయర్‌లో పుణె చేతిలో 50-45తో ఓడి, ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. ఆ రోజు మన కొంప ముంచింది ఎవరో గుర్తుందా? ఆదిత్య షిండే. కోట్ల మనిషి కాదు, పుణె వాళ్ళు తమ పిల్లల జట్టులోంచి తీసిన కుర్రాడు.

ఇక్కడ మా పీఈటీ మాస్టారు లేచారు. ఆయన లేస్తే ఎవరూ అడ్డం మాట్లాడరు, మాలో సగం మంది ఆయన బెత్తం తిన్నవాళ్ళే. ఆయన అన్నది ఇది. మొన్న సంక్రాంతికి పక్క ఊరి పోటీల్లో ఒక గుంటడు లెఫ్ట్ కార్నర్ ఆడాడు. పదిహేడేళ్ళుంటాయి, సన్నగా ఉంటాడు. అవతలి రైడర్ బోనస్ గీత దాటించి ఒక కాలు వేసి, వెనక కాలు గాల్లోకి లేపాడు. అందరి కళ్ళూ ముందు కాలి మీదే ఉన్నాయి. ఈ పిల్లాడు మాత్రం లేచిన కాలు మళ్ళీ నేలని తాకే చోటు ముందే చూసుకుని, ఒంగి, చీలమండ రెండు చేతుల్తో పట్టాడు. పట్టినవాడు లాగలేదు. తన బరువు మొత్తం వెనక్కి వేసి కూచుండిపోయాడు. ఎనభై కిలోల మనిషి మట్టిలో బోర్లా పడ్డాడు. "ఇది నేను నేర్పింది కాదు, వాడికి ఎవరూ నేర్పలేదు" అన్నారు మాస్టారు. మళ్ళీ పొడి గొంతుతో, "వాడిప్పుడు బెల్లం లారీకి లోడింగుకెళ్తున్నాడు" అన్నారు.

ఇలాంటివాళ్ళు మట్టిలో ఆడి పెరుగుతారు. మీ ఆట మ్యాట్ మీద. మట్టిలో కాలు జారుతూ ఆగుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేసుకుని మోకాలు తిరుగుతుంది. కూతకి ముప్ఫై సెకన్ల గడియారం, వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతకి పాయింటు తేవాలి లేదా చావాలి. ఇవన్నీ అలవాటు కావడానికి ఒకటి రెండేళ్ళు పడుతుంది. సెలెక్షన్ రోజున మొదటిసారి మ్యాట్ ఎక్కిన పిల్లాడు తడబడితే, పనికిరాడని రాసేస్తారు. హరియాణా పిల్లాడు పదేళ్ళకే మ్యాట్ మీద ఉంటాడు, కనక పనికొస్తాడు. హరియాణా వాళ్ళ మీద మాకు కోపం లేదు. విజయ్ మలిక్‌ని ఇక్కడికి పంపిస్తే పీట వేసి భోజనం పెడతాం. మా గొడవల్లా జట్టు పేరులో తెలుగు అంత పెద్ద అక్షరాల్లో ఉన్నప్పుడు, ఆటగాళ్ళ జాబితాలో తెలుగు పేర్లు వెతుక్కోవాల్సి రావడం ఏమిటన్నదే.

అందుచేత మేం అడిగేది కొంచెమే. వచ్చే వేలంలో విజయ్, భరత్‌లని వదలకండి. ఒక్క మనిషికి సగం సంచి ఖాళీ చేయకండి, మేమే స్వీట్లు పంచినా సరే. కొత్త కుర్రాళ్ళ కోటాలో తీసుకున్నవాళ్ళని రెండు సీజన్లు బెంచీ మీద కూచోబెట్టి ఆ తర్వాత పక్క జట్టుకి దానం చేయకండి, మ్యాట్ ఎక్కించండి. ఓడిపోతే మేం తిడతాం, అది మా హక్కు, మీరు పట్టించుకోవద్దు.

వేసవి సెలవుల్లో అనకాపల్లి జిల్లాకి రెండు మ్యాట్లు, ఒక కోచ్‌ని నెలరోజులు పంపండి. మైదానం, తాగే నీళ్ళు, మధ్యాహ్నం అన్నం చోడవరం చూసుకుంటుంది. నెలాఖర్న అప్పుడు పెట్టండి సెలెక్షన్. మీ లెఫ్ట్ కార్నర్‌కి మా దగ్గర ఒక పేరుంది. లోడింగు కాంట్రాక్టరుతో మాట్లాడి ఆ నెల సెలవు మేం ఇప్పిస్తాం.

ఇట్లు,
చోడవరం టైటాన్స్ అభిమానులు