పలకకు 80 కిలోల నిశ్చింత

హైదరాబాదు చుట్టూ ఫాంప్లాట్లు కొన్నవాళ్ళకు ప్రీకాస్ట్ ప్రహరీ వ్యాపారులు ఇచ్చే హామీ ఒకటే: ఒక్కసారి వేయించుకుంటే జన్మలో మరమ్మతు మాటే ఉండదు. తోట కంచెలో నాలుగు కడీలు ఒరిగి, ముళ్ళతీగ తుప్పుపట్టిందని యజమాని దిగాలుపడడమే ఆలస్యం, పాతదంతా పీకేసి కాంక్రీటు స్తంభాలు, పలకలు దించమనే సలహా సిద్ధంగా ఉంటుంది. హామీలో అబద్ధమేమీ లేదు. ఈ గోడకు నిజంగానే మరమ్మతు ఉండదు, చేయడం ఎవరి తరమూ కాదు గనుక.

మామూలుగా దొరికే పలక 7 అడుగుల పొడవు, అడుగు ఎత్తు, 2 అంగుళాల మందం ఉంటుంది. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగుతుంది కనుక ఒక్కో పలక దాదాపు 80 కిలోలు. 6 అడుగుల గోడకైతే అలాంటివి ఆరింటిని స్తంభాల గాడుల్లోకి పైనుంచి ఒకదానిమీద ఒకటి జారుస్తారు. వెనక్కి వస్తున్న ట్రాక్టరు అన్నిటికన్నా కిందున్న పలకను గుద్దిందనుకోండి. దాన్ని మార్చాలంటే పైనున్న ఐదింటినీ ఒక్కొక్కటిగా స్తంభం తల దాటించి దించాలి. ఒరిగింది స్తంభమే అయితే అటూఇటూ ఉన్న పన్నెండు పలకలూ, అంటే టన్నుకు కాస్త తక్కువ బరువు, ఊడదీయాలి. పాత కంచెలో కడీ విరిగితే ఒక గడ్డపార, మరో కడీ, ఇద్దరు మనుషులు చాలు. పోనీ ఇంతా చేసి తెచ్చిన కొత్త పలక ఆ గాడిలో దిగుతుందా అంటే, ఒక్కో యార్డు అచ్చుది ఒక్కో కొలత. మొదట గోడ వేసినాయన ఫోనెత్తితే అదృష్టమే.

అసలు విరిగితే కదా అంటారు. విరగడానికి ట్రాక్టరే అక్కర్లేదు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. ఏటా సాగే ఆ ఆటలో రెండడుగుల గుంతలో నిలబెట్టిన స్తంభం నిటారుగా ఉండాలని ఏమీ లేదు. ముళ్ళతీగ గాలినీ వాననీటినీ పోనిస్తుంది. నిండు గోడ రెండింటికీ అడ్డం నిలుస్తుంది. వాలు నేలలో అది ప్రహరీ కాదు, అనుమతి లేని చెరువుకట్ట. ఇక తుప్పు. మట్టికి ఆనుకునే కాంక్రీటులో కడ్డీకి 30 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. 50 మిల్లీమీటర్ల పలకలో 4 మిల్లీమీటర్ల తీగను సరిగ్గా నడిమధ్యన పెట్టినా ఇరువైపులా మిగిలేది 23. తుప్పుగా మారిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బి పలక పెచ్చులూడదీస్తుంది. చెదలు పట్టవంటారు, నిజమే. చెదలు ఇనుమును ముట్టవు.

అడవిపందుల మాటేమిటని అడిగే రైతు బాధలో న్యాయముంది. కర్ర గుంజ అడుగు చెదలపాలయ్యే నేలలో కాంక్రీటు స్తంభమే నయమని కూడా ఒప్పుకోవాలి. కానీ నేలబారున దూరే పంది కోసం అడుగున ఒకటి రెండు వరుసల పలకలు, పైన గట్టి జాలీ సరిపోవా? మిగతా నాలుగైదు వరుసలు పంది కోసం కాదు, పక్క ప్లాటాయన కోసం.

కబ్జా భయం చూపే వాదన మరీ ముచ్చటైనది. రాత్రికి రాత్రి లేచే గోడ అన్నది ప్రీకాస్టుకున్న పెద్ద ప్రచారం. అంత తొందర ఎవరికుంటుంది? లారీలోంచి దిగిన పలకలకు పాసుపుస్తకం చదవడం రాదు. నిలబెట్టేది హక్కుదారో కబ్జాదారో అవి విచారించవు. హద్దును తేల్చేది సర్వే కొలత, రికార్డు. అవి సరిగా ఉన్నవాడికి హద్దురాళ్ళు చాలు, లేనివాడిని ఏ గోడా కాపాడదు.

గోడకు బదులు గచ్చ, వాక, సీమచింత, కిత్తనార కంచెగా నాటుకుంటే గండి పడ్డచోట మరో మొక్క పెట్టి పూడ్చుకోవచ్చు, అందులో వాక కాయలు పప్పులోకీ పనికొస్తాయి. జీవకంచె చిక్కబడడానికి ఏళ్ళు పడుతుందన్న అభ్యంతరం సబబే. అప్పటిదాకా పాత తీగనే బిగించి వాడుకోవచ్చు. అంత ఆగలేమంటున్నవారి ప్లాట్లలో ఆరడుగుల గోడ వెనక చాలాచోట్ల కాపలా కాస్తున్న పంట మోకాలెత్తు వయ్యారిభామ. దాన్ని మేకలు కూడా ఇష్టపడి మేయవు.