ఉడుతా తుపాకీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఉడుతలు కాయ దక్కనివ్వడం లేదు, ఒక తుపాకీ తెస్తే పీడా పోతుంది."

అవతారిక. పెరట్లో ఒక జామచెట్టో సపోటా చెట్టో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ వాక్యం పుడుతుంది. కర్త ఎవరో తెలియదు. పోనీ అపౌరుషేయం అందామా అంటే, తుపాకీ మాటెత్తేది ఎక్కువగా పురుషులే. రెండు ముక్కల మాటకు ఇంత టీకా దేనికని అడగవచ్చు. ఆచరణలోకి దింపే వాక్యం ఎంత చిన్నదైనా దాని అర్థం ముందు తేలాలి, అందులోనూ చేసిన పని మళ్లీ వెనక్కి రానిదైనప్పుడు. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, మూలం దాటి పోనని మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. అంత నిష్ఠ మాకు లేదు. గోదావరి కోకో తోటలకూ, అక్కణ్నుంచి వేల్స్ దేశపు దీవి ఒకదానికీ పోయి రావలసి ఉంది. పోయినా, మూలంలోని ఒక్క పదాన్నీ వదలం.

ఉడుతలు. దేశ్యం, బహువచనం. కొమ్మ మీద కనబడింది ఒకటే అయినా వాక్యంలోకి వచ్చేసరికి బహువచనమైంది. ఇది గౌరవ బహువచనం కాదు గనక కోప బహువచనమని కొత్తగా ఒక సంజ్ఞ చేసుకోవాలి. మన ఊళ్లలో వీపున మూడు చారలున్న ఉడుత ఒకటి, అయిదు చారలున్నది ఇంకొకటి. రాముడు వేళ్లతో నిమిరిన కథ మూడు చారలదానికే అతుకుతుంది. వాల్మీకంలో లేని ఆ కథ రంగనాథ రామాయణంలో చేరి, తెలుగు ఇళ్లలో 'ఉడుతా భక్తి' అన్న పలుకుబడిగా స్థిరపడింది. అయిదు చారలదాన్ని ఎవరు నిమిరారో ఏ పురాణమూ చెప్పదుగాని, చట్టం దాన్ని పట్టించుకుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలులో దాని పేరుండేది. అదే చట్టం కాకినీ, పళ్ల గబ్బిలాన్నీ, చుంచునూ, ఎలుకనూ హానికర జంతువులుగా అయిదో షెడ్యూలులో పడేసింది. ఉడుతను అందులో చేర్చలేదు. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. ఇప్పుడు ఒక జంతువును హానికరమని తేల్చాలంటే కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. 2015-16లో బీహార్‌లో నీల్‌గాయికి, ఉత్తరాఖండ్‌లో అడవిపందికి, హిమాచల్‌లో కోతికి అలాంటివి ఇచ్చారు. ఉడుత ఇంకా ఆ హోదాకు ఎదగలేదు. ఇక రాముడు నిమిరాడు గనక చంపరాదనే వాదం మాది కాదు. పితృదేవతల పిండం తినే కాకి షెడ్యూలుకెక్కిన దేశంలో భక్తి సాక్ష్యంగా నిలవదు.

కాయ. ఈ వాక్యంలో మూలకర్త తప్పులో కాలేసిన చోటు ఇదే. ఉడుత ఎక్కువగా తినేది పండు. కాయకూ పండుకూ ఉన్న ఈ చిన్న తేడాలోనే వివాదమంతా ఉందని మా పక్షం. సాక్ష్యానికి గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు వెళ్లాలి. అక్కడ కొబ్బరి నీడన అంతరపంటగా కోకో వేస్తారు. కోకోకు వెన్నెముక ఉన్న శత్రువుల్లో ముఖ్యమైనవి రెండు, ఎలుకా ఉడుతా. మాను మీదనే వేలాడే కోకో కాయను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. తొడిమ దగ్గర కొరికి ఉంటే ఎలుక పని. కాయ నడుమన తొలిచి ఉంటే ఉడుత పని. లోపల గింజల చుట్టూ ఉండే తెల్లటి తియ్యని గుజ్జు కోసమే దాని తాపత్రయమంతా. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కోకోలో ఉడుత ముట్టేది పండిన కాయనే. అందుకే ఆ పంట శాస్త్రజ్ఞులు రైతుకిచ్చే మొదటి సలహా పండీ పండగానే కోసెయ్యమని. రెండోది, చిల్లులు పొడిచిన పాలిథిన్ సంచికి తారూ కిరోసినూ కలిపి పూసి కాయకు తొడగమని. డబ్బు కోసం పండించే పంటకే మొదటి మందు కోత అయినప్పుడు, పెరటి జామకు తుపాకీ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచించాలి. ఉడుత పచ్చి కాయ జోలికే పోదనడం లేదు. దానిమ్మను తొలుస్తుంది, డ్రిప్పు పైపును సైతం కొరుకుతుంది. అయితే పెరట్లో జరిగే నష్టంలో పెద్ద వాటా మాత్రం, రేపు కోద్దాం, ఇంకాస్త రంగు తిరగనిద్దాం అని యజమాని చెట్టుమీద వదిలిన పండుదే. పండు వాసన యజమాని కన్నా ముందు ఉడుత ముక్కుకు తగలడం నేరమేమీ కాదు.

దక్కనివ్వడం లేదు. ఇది అభియోగం, దీనికి రుజువు కావాలి. ఉడుత పగటి జంతువు. చీకటి పడితే గూటిలో ఉంటుంది. తెల్లవారి చూసేసరికి చెట్టుకింద సగం తిన్న జామపళ్లూ, నమిలి ఊసిన పిప్పి ఉండలూ ఉంటే అది గబ్బిలం విడిచిన భోజనం. రాత్రి దూలాల మీద చప్పుడయితే ఎలుక. చిలుకకు ఒక కాయ తినడం కన్నా నాలుగింటిని గీరి పడేయడం ఇష్టం. వీటన్నింటిలోకీ పట్టపగలు, మనిషి కాఫీ తాగే వేళకు, తోక ఎగరేస్తూ కీచుకీచుమని అరుస్తూ తిరిగేది ఉడుత ఒక్కటే. రాత్రి దొంగల నేరం పగలు తిరిగేవాడి మెడకు చుట్టుకోవడం పోలీసు స్టేషన్లలోనే జరుగుతుందనుకోకూడదు. పంటిగాటు చూసి నిందితుణ్ని తేల్చేంత ఓపిక తుపాకీ కొనదలచినవాడికి ఉండదు. అది ఉన్నవాడు తుపాకీ దాకా రాడు.

ఒక తుపాకీ. అన్యదేశ్యం, టర్కీ భాష నుంచి వచ్చి మనలో కలిసిపోయిన మాట. పెరటి సందర్భంలో దీనికి ఎయిర్ గన్ అని అర్థం. 2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్లు దాటని .177 బోరు ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. కొనడానికి అనుమతి ఉండటం కాల్చడానికి అనుమతి ఉండటం కాదన్నది గమనించాలి. లక్ష్యమా, నూరు గ్రాములకు అటూ ఇటూ తూగే ప్రాణి. తల గోళీకాయకన్నా మరీ పెద్దదేం కాదు, అదీ క్షణం నిలవదు. గురి తప్పితే సీసపు గుండు పక్కవాళ్ల డాబా మీదికి పోతుంది. సగం తగిలితే ఉడుత గాయంతో ఏ రేకుసందులోకో దూరి రెండురోజులకు చస్తుంది. సరిగ్గా తగిలిందే అనుకుందాం. అది తల్లి అయితే, కొబ్బరిపీచూ దూదీ నూలుపోగులూ అల్లి కట్టుకున్న గూట్లో కళ్లు తెరవని రెండు మూడు పిల్లలు ఆకలితో పోతాయి. ఆ ఖర్చు గుండు ధరలో కనబడదు. ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఎలుకకు జిగురు అట్ట పెట్టి, విషం బిళ్లలు పెట్టి చంపేవాళ్లకు ఉడుత మీద ఇంత దయ ఏమిటి, మంచి గురికాడి చేతి చావు వాటికన్నా మేలు కాదా అని. మేలే, ఒప్పుకుంటున్నాం. బ్రిటన్‌లో బూడిదరంగు ఉడుతను కాల్చడం చట్టసమ్మతమే అయినా, బోనులో పట్టినదాన్ని నీళ్లలో ముంచి చంపిన ఒకాయనకు 2010లో శిక్ష పడింది. చంపిన తీరులో క్రూరత్వం ఉందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ కొలత మన పెరట్లో పెడితే, గురికాడు మంచివాడై ఉండాలన్న షరతు మొదటి రోజే ఓడిపోతుంది. చంపకుండా పంట కాచుకోవడం మనకు కొత్త కాదు. మన చేలల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాడి ఉద్దేశం పిట్టను చేనుమీద వాలనివ్వకుండా లేపడం. పిట్ట లేచిపోతే అతని పని అయిపోయినట్టే.

తెస్తే. చేదర్థకం. "వాన వస్తే నేల తడుస్తుంది" అన్నంత ధీమాగా మూలకర్త "తుపాకీ తెస్తే పీడా పోతుంది" అంటున్నాడు. ఒకటి జరిగితే రెండోది తప్పక జరుగుతుందనే ఈ వ్యాప్తి నిజంగా ఉందా? పరీక్షకు బ్రిటన్‌ను మించిన ప్రయోగశాల లేదు. అమెరికా బూడిదరంగు ఉడుతను 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ ఎస్టేటులో అందానికని వదిలారు. అది చెట్ల బెరడు ఒలిచి ఓకు, బీచి అడవులను పాడుచేసింది. తనకు పెద్దగా హాని చెయ్యని ఒక మశూచి జాతి వైరస్‌ను స్వదేశీ ఎర్ర ఉడుతకు అంటించి ప్రాణాలు తీసింది. 1937లో దాన్ని పెంచడం, దిగుమతి చేసుకోవడం నిషేధించారు. 1950లలో ప్రభుత్వం తోకకు ఒక షిల్లింగు, తర్వాత రెండు షిల్లింగులు ఇచ్చింది. తోకలు వచ్చాయి, షిల్లింగులు పోయాయి, ఉడుతలు నిలిచాయి. ఆ దశకం చివరికల్లా పథకాన్ని ఎత్తేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. వెలకట్టిన తోక కోసం వేటగాడు ఉడుతలు దండిగా ఉన్న చోటికి పోతాడు. ఆఖరి పదింటి కోసం అడవంతా వెతకడు. ఖాళీ అయిన చెట్టు మీదికి పక్క అడవిలోని పిల్ల ఉడుత వస్తుంది. మన జామచెట్టు సంగతీ ఇంతే. ఒకటి చస్తే దాని జాగా ఖాళీ అవుతుంది, పండు మాత్రం అక్కడే ఉంటుంది. పక్క వీధి ఉడుతకు అంతకన్నా మంచి టు-లెట్ బోర్డు ఏముంటుంది?

ప్రత్యుదాహరణ. చంపడం ఎక్కడా ఫలించలేదనడం మాత్రం అబద్ధమవుతుంది. వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో 1998 నుంచి బూడిదరంగు ఉడుతల్ని ఎక్కువగా బోనుల్లో పట్టి, పదిహేనేళ్లకు పైగా విడవకుండా చంపుతూ పోయారు. దీవి ఖాళీ అయింది. కొన్ని పదులకు దిగిపోయిన ఎర్ర ఉడుతలు కొన్ని వందలయ్యాయి. అక్కడ ఆ వ్యాప్తి ఎందుకు కుదిరింది? వచ్చే దారి జలసంధి మీది వంతెనలే గనక కాపలా సాధ్యమైంది. చంపిన జాతి పరదేశి. కాపాడిన జాతి స్వదేశి, అంతరించబోతున్నది. పని చేసినవాళ్లు ఆఖరి ఉడుత దాకా ఆగలేదు. ఇన్నీ కలిస్తే తుపాకీ న్యాయమవుతుందని మేమూ అంటాం, అక్కడి వాళ్లను నిందించం. తమాషా ఏమిటంటే, మన అయిదు చారల ఉడుత 1898లో జూ ద్వారా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో అడుగుపెట్టి, పశ్చిమ ఆస్ట్రేలియా చట్టంలో ఇవాళ చీడగా నమోదై ఉంది. అక్కడ దాని మీద చర్య న్యాయం. అదే ఉడుత మన ఊళ్లో పెరటి గోడ మీద కూర్చుంటే, గోడ కట్టకముందు నుంచీ ఉన్న కాపురస్థురాలు. పెరటి యజమాని కాపాడుతున్నది అంతరించబోతున్న జాతినీ కాదు, అడవినీ కాదు, ఓ పదిపదిహేను జామపళ్లను.

పూర్వపక్షం. పదిహేను పళ్ల పెరటిని వదిలెయ్యండి, ఎకరాల మీద పెట్టుబడి పెట్టిన రైతు మాటేమిటని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. అయితే తుపాకీ అందరికన్నా తక్కువ పనికొచ్చేది ఆ రైతుకే. తోట ఎంత పెద్దదయితే పక్కతోటల నుంచి వచ్చే దారులు అంత ఎక్కువ. ఏ కొమ్మకాడ అని కాపు కాస్తాడు? కూలి కోతకు పెట్టుకుంటాడా, కాపలాకు పెట్టుకుంటాడా? అతనికి పనికొచ్చేవి కాయకు కవరు, చిన్న చెట్లకు వల, పక్కచెట్టుతో మట్టలు కలవని కొబ్బరిమానుకు రేకు కట్టు. మట్టలు కలిస్తే రేకు దండగ, ఉడుత దూకి వస్తుంది. పెరటికీ తుపాకీ అక్కర్లేని ఉపాయం ఒకటి ఉంది. అమెరికాలో పెరట్లో సొరపాదులూ టమాటాలూ వేసుకునే మనవాళ్లకు పొరుగు ఉడుత బూడిదరంగుది, మన ఉడుత కన్నా చాలా పెద్దది. పిట్టలకు వేసే గింజలనూ అది కాజేస్తుంది. వాటికి అక్కడ కారం కలుపుతారు. పిట్టల నాలుకకు మిరప మంట తెలియదు, ఉడుతకు తెలుస్తుంది. గుంటూరు మిరపకు ఇలాంటి అహింసా ప్రయోజనం ఉందని మన వ్యాఖ్యాతలెవరూ ఊహించలేదు.

పీడా పోతుంది. వాక్యానికి అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని శాస్త్రం. ఇక్కడ ఆకాంక్షకు లోటు లేదు, కోపం దాన్ని సమృద్ధిగా సమకూర్చింది. తుపాకీ, ఉడుత పక్కపక్కనే ఉన్నాయి గనక సన్నిధీ ఉంది. కొరవడింది యోగ్యత, అంటే పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం. నిప్పుతో మొక్క తడుపుతానన్నట్టే, ఖాళీని తుపాకీతో పూడుస్తాననడం. ఆంగ్లెసీలో యోగ్యత ఉంది, పెరట్లో లేదు; పదాలవే, వాక్యం మాత్రం చోటు మారగానే అర్థం పోగొట్టుకుంది.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో "తుపాకీ" అన్నచోట "నిచ్చెన" అని ఉంది. అర్థాన్ని బట్టి ఆ పాఠమే గ్రాహ్యం.